శ్రీహరికోట ఇంకా నెల్లూరులోనే ఉందా?

సంపాదకులకు,

గత ఆదివారం మీరు వేసిన రాకెట్ కేంద్రం ప్రత్యేక కథనం చదివి, సవరణ వేస్తారేమోనని నాలుగు రోజులు ఊరుకున్నాను. వేయలేదు. మొదటి పేజీలో ‘నెల్లూరు జిల్లా శ్రీహరికోట’, లోపలి పేజీలో ‘చెన్నై సమీపంలోని శ్రీహరికోట’. 2022 ఏప్రిల్ 4న శ్రీహరికోట ఉన్న సూళ్లూరుపేట మండలం తిరుపతి జిల్లాలో కలిసినప్పుడు పేజీలకు పేజీలు నింపింది మీరే కదా! ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు నమూనా రాకెట్ పట్టుకుని వచ్చేది మా తిరుమల కొండకు. చిరునామాకు మాత్రం చెన్నై కావాలి.

పైగా అది దీవి అన్న మాట కథనంలో ఒక్కచోటా లేదు. తూర్పున బంగాళాఖాతం, పడమర పులికాట్ సరస్సు (ప్రళయకావేరి అన్న చక్కటి పేరుండగా ఎవరూ వాడరు), నడుమ పొడవాటి ఇసుక నేల. సూళ్లూరుపేట నుంచి సరస్సును చీల్చుకుంటూ వేసిన రోడ్డు మీద ఒక్కసారి వెళ్లి ఉంటే మీ విలేకరికి ఎవరూ చెప్పనక్కరలేదు. 1969లో ఆ చోటును ఎంచుకోవడానికి ఒక కారణం తూర్పున సముద్రం తప్ప ఊళ్లు లేకపోవడమే. 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్ అక్కడి నుంచి ఎగిరింది. అంతకుముందు ఆ అడవిని నమ్ముకుని బతికిన యానాదుల గురించి ఒక్క వాక్యం రాస్తే మీ కాగితం అరిగిపోయేదా? ఇక తడ మండలంలో, పడవ ఎక్కి వెళ్లాల్సిన ఇరకం దీవి మీ పటంలోనే లేదు.

తప్పంతా మీదే అనను. లోక్‌సభ నియోజకవర్గాల లెక్కన జిల్లాలు విడదీస్తామన్నారు. సూళ్లూరుపేట తిరుపతి నియోజకవర్గంలోది కనుక ఇటు వచ్చింది. అదే నియోజకవర్గంలోని సర్వేపల్లి నెల్లూరులోనే ఉండిపోయింది. ఆ లెక్క వేసినవారికే తెలియాలి. జనవరిలో శ్రీబాలాజీ జిల్లా అన్నారు, ఏప్రిల్‌కల్లా తిరుపతి అయింది. తపాలా శాఖకు ఈ సంగతులేవీ పట్టినట్టు లేదు: శ్రీహరికోట పిన్‌కోడు 524తో మొదలవుతుంది, మా తిరుపతిది 517తో.

సూళ్లూరుపేటలో ఉండే మా చెల్లెలు పాత భూమి కాగితం నకలు కోసం ఇక్కడి ఒక కార్యాలయానికి వెళితే ‘ఆ దస్త్రాలు నెల్లూరులో ఉన్నాయి’ అన్నారు. నెల్లూరు వెళితే ‘మీది తిరుపతి కదమ్మా’ అన్నారు. మూడు నెలల్లో ఏడుసార్లు బస్సెక్కింది. నకలు ఇంకా రాలేదు.

హద్దులు మారడం మాకేమీ కొత్త కాదు. 1911లో ఉత్తర ఆర్కాటు తాలూకాలకు కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు చేర్చి చిత్తూరు జిల్లా చేశారు. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. అప్పుడు తాలూకా కచేరీలో గుమాస్తాగా ఉన్న మా నాన్నగారు, దస్త్రాల కట్టలు సర్దలేక రాత్రిళ్లు లాంతరు పెట్టుకుని కూర్చునేవారమని చెప్పేవారు. ఇప్పుడు ప్రతి బల్ల మీదా కంప్యూటర్ ఉంది.

వచ్చే ప్రయోగానికి కూడా ఈ పాత కథనాన్నే తీసి వేస్తారని తెలుసు. కనీసం జిల్లా పేరు ఇప్పుడే దిద్ది పెట్టుకోండి. ఇరకం ఎక్కడుందో తెలియకపోతే కబురు చేయండి, పటం నేనే గీసి పంపుతాను.

– విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు, తిరుపతి