నొప్పి మాత్ర అడిగితే ఇకపై మేము అడిగే ప్రశ్నలు

మన మందుల షాపుకి వచ్చే అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి కౌంటర్ దగ్గర ఒక మార్పు చేస్తున్నాం. నొప్పి మాత్ర అడగగానే స్ట్రిప్ కత్తిరించి ఇవ్వం, ముందు రెండు మూడు ప్రశ్నలు అడుగుతాం. కాస్త ఆలస్యమవుతుంది. ఎందుకో చెప్తాను.

మొన్నామధ్య ఒకాయన ఒళ్లు నొప్పులు, జ్వరం అని పారాసిటమాల్ 650 తీసుకెళ్లారు. సాయంత్రం మళ్లీ వచ్చి ముక్కు కారుతోందంటే జలుబు మాత్రలు కూడా ఇచ్చాను. మూడో రోజు రెండు స్ట్రిప్పులూ కౌంటర్ మీద పెట్టి, "కడుపులో తిప్పుతోందండీ, వీటిలో ఏది మానేయాలి?" అని అడిగారు. జలుబు మాత్ర స్ట్రిప్ వెనక్కి తిప్పి చూశాను. చిన్న అక్షరాల్లో పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు అని ఉంది. రెండూ రోజుకి నాలుగేసి చొప్పున వేసుకున్నారు. అంటే 4600 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి కూడా 24 గంటల్లో 4000 దాటకూడదు. వెంటనే ఆసుపత్రికి పంపించాం. పరీక్షల్లో లివర్ బాగానే ఉందని తెలిసేదాకా నాకు నిద్ర లేదు. తప్పు నాదే. ఇచ్చింది నేను, అడగాల్సిందీ నేనే.

పారాసిటమాల్ చెడ్డ మందు కాదు. డోసు దాటనంతవరకు చాలామందికి ముందుగా ఇవ్వదగ్గది అదే, కడుపులో మంట కూడా పెద్దగా పెట్టదు. కానీ డోసు మించితే లివర్‌ని దెబ్బతీస్తుంది. మొదటి రోజు ఏమీ తెలియకపోవచ్చు, అదే భయం. విరుగుడు మందు ఉంది గానీ, ఎనిమిది గంటల లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. అందుకే ఎక్కువ వేసుకున్నామని అనుమానం వస్తే, బాగానే ఉన్నాం కదా అని ఆగకండి. రోజూ మద్యం తీసుకునేవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు, బాగా బక్కగా ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి తక్కువ డోసు వాడాలి.

ఐబుప్రొఫెన్ తీరు వేరు. వాపుతో వచ్చే నొప్పికి, అంటే బెణుకు, పంటి నొప్పి, నెలసరి నొప్పి లాంటివాటికి, ఇది బాగా పనిచేస్తుంది. ఒంట్లో వాపు, నొప్పి తెప్పించే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారు కాకుండా ఆపుతుంది కాబట్టి వాపు తగ్గుతుంది. అయితే కడుపు లోపలి పొరని కాపాడేవీ, కిడ్నీలకి రక్తం సరిగ్గా అందేలా చూసేవీ అవే. అందుకే పరగడుపున వద్దంటాం. అల్సర్, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లకీ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకీ, గర్భిణులకీ డాక్టర్ చెప్పకుండా ఇవ్వం. బీపీ మందులు వేసుకుంటుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. డాక్టర్ చీటీ లేకుండా వాడుకునేటప్పుడు రోజుకి 1200 మిల్లీగ్రాములే హద్దు. న్యాప్రోక్సెన్ కూడా ఇదే కుటుంబం, కాకపోతే ఎక్కువసేపు పనిచేస్తుంది. నొప్పి త్వరగా తగ్గాలని ఈ రెండూ కలిపి వేసుకోవద్దు, లాభం పెరగదు, కడుపులో రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

డెంగీ అనుమానం ఉన్న జ్వరానికి ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ అడిగితే ఇవ్వం. రక్తస్రావం ఎక్కువవుతుంది. పదహారేళ్ల లోపు పిల్లలకి ఆస్పిరిన్ అసలు వద్దు, అరుదుగానే అయినా మెదడునీ లివర్‌నీ దెబ్బతీసే రేయ్ సిండ్రోమ్ రావచ్చు.

తలనొప్పికి నెలలో సగం రోజులు మాత్ర వేసుకునేవాళ్లు మన దగ్గర కొందరున్నారు. మీకు మాత్ర అమ్మడం కంటే డాక్టర్ దగ్గరికి పంపడమే నాకు ఇష్టం. అతిగా వాడితే ఆ మాత్రే తలనొప్పి తెప్పిస్తుంది.

ఇకపై వచ్చేటప్పుడు ఇంట్లో వాడుతున్న స్ట్రిప్పులన్నీ తీసుకురండి, ఖాళీవైనా సరే. పిల్లల సిరప్ అయితే సీసా తెండి. పారాసిటమాల్ సిరప్పులన్నీ ఒకే బలంతో ఉండవు. బిడ్డ బరువు చెబితే ఎన్ని మిల్లీలీటర్లో లెక్క చూసి, కొలత కప్పు మీద పెన్నుతో గీత పెట్టి ఇస్తాం.