డైపరును ఏ బుట్టలో వేయాలి?

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి పురిటికి వచ్చి నాలుగో నెల నడుస్తోంది. మనవరాలితో పాటు మా ఇంట్లోకి ఒక ప్రశ్న కూడా వచ్చింది: రాత్రి కట్టిన డైపరును తెల్లవారి ఏ బుట్టలో వేయాలి? 2021లో మన ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇళ్లకు ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు పంచారు. ఎర్రది ఇలాంటి చెత్త కోసమే. మా వీధిలో మాత్రం చాలా ఇళ్లలో ఎర్ర బుట్టలో ఎర్రగడ్డలు పోసుకున్నారు. నిజం చెప్పాలంటే మొన్నటిదాకా మా ఇంట్లోనూ అంతే.

ఆ బుట్టను ఖాళీ చేయించింది ఒక వాన. వీధి చివర కాలువ నిండి నీళ్లు రోడ్డెక్కాయి. పారిశుద్ధ్య కార్మికురాలు ఒకామె కొక్కెంతో కెలికితే దిండులా ఉబ్బిన డైపరు ఒకటి బయటపడింది. లాగేసరికి చిట్లింది. లోపలి నుంచి ఉడికిన సగ్గుబియ్యం లాంటి గుజ్జు జారి ఆమె చేతుల మీద పడింది. చేతులకు తొడుగులు లేవు. ఆ గుజ్జు సోడియం పాలీఅక్రిలేట్ అనే పొడి నుంచి వచ్చేది. తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పీల్చి పట్టుకోవడమే దాని పని. బిడ్డ తడిపినా, వాన తడిపినా దానికి ఒకటే. దాని చుట్టూ ఉండే పలుచని పొరలు చాలావరకు ప్లాస్టిక్కే. అలిపిరి దగ్గర ప్లాస్టిక్ సీసా కనబడితే తీసి పక్కన పెట్టించే మనం, చంటిబిడ్డల తల్లుల సంచుల్లో కొండెక్కే ఈ ప్లాస్టిక్కును ప్లాస్టిక్ అనే అనుకోము.

పాపకు గుడ్డలు కడదామన్నాను. "అమ్మా, ఈ రోజుల్లో ఇంకా గుడ్డలెవరు కడుతున్నారు?" అంది మా అమ్మాయి. ఆమెతో వాదించలేదు. కాగితం తీసి లెక్క వేశాను. మా వీధి మందుల దుకాణంలో చిన్న సైజు డైపరు ఒక్కొక్కటి పది రూపాయల దాకా పడుతోంది. రోజుకు ఏడు చొప్పున నెలకు 2,100. 2025 సెప్టెంబరులో వీటి మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు, సంతోషమే. అయినా నెల జీతం మీద బతికే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు.

బీరువాలో నా పాత వెంకటగిరి నూలు చీర ఒకటుంది. ఉతికి ఉతికి వెన్నలా అయింది. దాన్ని కత్తిరిస్తే మూరన్నర చదరపు పొత్తిగుడ్డలు ఏడు వచ్చాయి. అంచు వైపు మిగిలిన పేలికలను నాలుగు మడతలు పెట్టి కుడితే లోపల పెట్టుకునే ప్యాడులయ్యాయి. గాంధీ రోడ్డులో తడి బయటికి రాని గుడ్డ కవర్లు నాలుగు కొన్నాం, ఒక్కొక్కటి 350. పగలంతా ఇవే. రాత్రికి మాత్రం, అమ్మాయి నిద్ర కోసం, ఒక డైపరు. ఆసుపత్రికో ఊరికో వెళ్లే రోజు ఇంకొకటి. నేను పంతం పట్టలేదు. పురిటి మనిషి నిద్ర కంటే పర్యావరణం ఎక్కువేమీ కాదు.

గుడ్డలు ఉతకడానికి పట్టే నీళ్లు, కరెంటు మాటేమిటని అడుగుతారు. సరైన ప్రశ్నే. కల్యాణి డ్యాము, తెలుగుగంగ నీళ్ల మీద ఆధారపడ్డ ఊరు మనది. బ్రిటన్ ప్రభుత్వం 2023లో ప్రచురించిన అధ్యయనంలో ఉతికి వాడే గుడ్డల వల్ల భూతాపానికి తోడయ్యే వాయువులు వాడి పారేసేవాటి కంటే పావు వంతు తక్కువని తేలింది. అయితే అది ఎలా ఉతుకుతాం, ఎలా ఆరబెడతాం అన్నదాని మీద ఆధారపడుతుంది. కరెంటుతో వేడి చేసే యంత్రంలో ఆరబెడితే లాభం తగ్గిపోతుంది. మనకు ఆ బాధ లేదు, డాబా మీద తిరుపతి ఎండ ఉండనే ఉంది. మలం అంటినవి ముందు విడిగా జాడించి, మిగతావన్నీ కలిపి ఒకేసారి ఉతికితే నీళ్లు కలిసివస్తాయి. పరిమళం కోసం బట్టలను మెత్తబరిచే ఫ్యాబ్రిక్ కండిషనర్లు పోయకూడదు, గుడ్డ తడి పీల్చడం మానేస్తుంది.

వెదురు డైపర్లు, మట్టిలో కలిసిపోయే డైపర్లు అంటూ రెట్టింపు ధరకు అమ్ముతున్నవీ చూశాను. పొట్లం మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంటుంది. పైపొర వెదురుదే కావచ్చు, కానీ లోపలి పొడి ఏమిటి, సాగే పట్టీ దేనితో చేశారు, ఏ పరిస్థితుల్లో ఎన్నాళ్లకు కలిసిపోతుంది? నేను చూసిన పొట్లాల మీద వీటికి జవాబు లేదు. ఇలాంటి పచ్చని ప్రకటనలకు ఆధారాలు చూపాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. కొనేవాళ్లు అడగడం మొదలుపెట్టాలి.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇంకొకటి. ఎంత పొదుపుగా వాడినా రోజుకు ఒక డైపరు మిగులుతుంది. వాడినదాన్ని చుట్టి పారేయడానికి ఒక్కో డైపరుకు ఒక్కో సంచిని తయారీదారులే పొట్లంతో పాటు ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాయి. నాలుగు నెలల్లో మూడు రకాల పొట్లాలు కొన్నాం. ఒక్కదానిలోనూ సంచి లేదు. దుకాణదారు నా మాట విని నవ్వాడు. పొట్లంలో సంచి ఉందో లేదో దుకాణాల్లో తనిఖీ చేయించడం అధికారులకు పెద్ద పని కాదు. చెత్త బండి దగ్గర తడి, పొడి అని అడిగేటప్పుడు మూడో మాటగా ఎరుపు అని కూడా అడిగితే చాలా ఇళ్లలో ఎర్రగడ్డలు వేరే చోటికి మారతాయి. ప్రసూతి ఆసుపత్రుల్లో ఇంటికి పంపే రోజు టీకాల కార్డుతో పాటు పొత్తిగుడ్డ మడిచే తీరు కూడా నర్సమ్మ చూపిస్తే బాగుంటుంది. మా అమ్మాయికి నేనున్నాను, అందరికీ అమ్మ పక్కన ఉండదు కదా.

పుణె వంటి నగరాల్లో ఇలాంటి చెత్తను కాగితంలో చుట్టి, ఏరేవారికి తెలిసేలా దానిపై ఎర్ర చుక్క పెడతారు. సంచులు వచ్చేదాకా నేనూ అదే చేస్తున్నాను. చుట్టడానికి మీ ఆదివారం అనుబంధం కాగితం గట్టిగా ఉంటోంది. మన్నించగలరు.

— ఒక అమ్మమ్మ, తిరుపతి