రేసు టికెట్టులో కచేరీ వాటా ఎంత?

గౌరవనీయులైన సంపాదకుల వారికి నమస్కారం.

మోటారు రేసులు జరిగే వారాంతాల్లో పేరున్న గాయకులతో సంగీత కచేరీలు కూడా ఏర్పాటు చేసి, రెండింటికీ కలిపి ఒకే టికెట్టు అమ్మే పద్ధతిని మెచ్చుకుంటూ ఇటీవల మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఆ సంబరాన్ని వ్యాసకర్త కళ్లకు కట్టినట్టు రాశారు గాని, అటువంటి టికెట్టు కొన్నవాడికి దాని వల్ల ఏ హక్కు దక్కుతుందన్న సంగతి జోలికి వెళ్లలేదు. ఆ సంగతి నాకు అనుభవం మీద తెలిసింది గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిరుడు నేనూ, మా అబ్బాయీ, మా మేనల్లుడూ విజయనగరంలో రైలెక్కి, రాత్రంతా ప్రయాణించి ఒక మహానగరంలో జరిగిన రేసులకు వెళ్లాం. మావాడికి కార్ల పిచ్చి, మేనల్లుడికి పాటల పిచ్చి. నాకు ఆ రెండూ అంతంతమాత్రమే గాని, ఒకే ఖర్చుతో ఇద్దరినీ సంతోషపెట్టవచ్చన్న లెక్క నచ్చింది. రెండు రోజుల రేసులు, శనివారం సాయంత్రం కచేరీ అని ఫోనులో పెద్ద అక్షరాలతో చూపించారు. మూడు టికెట్లకు 7,497 రూపాయలుగా కనిపించిన ధర, డబ్బు కట్టే మెట్టుకు చేరేసరికి కన్వీనియన్స్ ఫీజు, దాని మీద జీఎస్టీ, మేము అడగకుండానే టిక్కు పెట్టి ఉంచిన ఒక చిన్న విరాళం కలిసి 8,300 దాటింది. అప్పటికే మనసులో ప్రయాణం మొదలైపోయి ఉంటుంది కాబట్టి, ఆ దశలో వెనక్కి తగ్గేవాళ్లు తక్కువ.

శనివారం క్వాలిఫయింగ్ (రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పోటీ) జరుగుతుండగా ఒక కారు వెళ్లి ట్రాకు పక్కనున్న అడ్డుగోడను ఢీకొంది. ఎర్ర జెండా చూపి పోటీని ఆపారు, గోడను సరిచేసేసరికి గంటకు పైగా పట్టింది. అది ఎవరి తప్పూ కాదు, రేసుల్లో ప్రాణాల భద్రత కోసం అలా ఆపి తీరాలి. అయితే మా స్టాండు ట్రాకుకు ఒక పక్కన, కచేరీ వేదిక మరో పక్కన ఉన్నాయి. రెండింటి మధ్య జనం దాటడానికి ఉన్నది ఒకే ఒక్క కాలినడక వంతెన. పోటీ చివరిదాకా చూసి బయల్దేరిన మేము ఆ వంతెన మీద నత్తనడక నడిచి వేదిక గేటు చేరేసరికి, లోపల నిండిపోయిందంటూ తలుపులు మూసేశారు. టికెట్టు చూపిస్తే, అక్కడి కుర్రవాడు దాని అడుగున చిన్న అక్షరాలతో ఉన్న ఒక వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు: కచేరీకి ప్రవేశం స్థలం ఉన్నంతవరకే, ముందు వచ్చినవారికే. రేసుకు డబ్బు కట్టి రేసును పూర్తిగా చూసినవారే కచేరీకి వెనకబడే ఏర్పాటు ఇది. ఆ రాత్రి పాటలన్నీ ప్రహరీ బయట ఆటో కోసం నిలబడి విన్నాం. బాగానే పాడారని ఒప్పుకోవాలి.

ఊరికి తిరిగొచ్చాక నిర్వాహకులకు ఫిర్యాదు పంపితే, మీరు కొన్నది రేసు టికెట్టు, రేసు జరిగింది, కాబట్టి సొమ్ము వాపసు చేయడం కుదరదని జవాబు వచ్చింది. ప్రకటనలో గాయకుడి బొమ్మ కారు బొమ్మకన్నా పెద్దదిగా వేసినవారే ఈ జవాబు రాశారు. అమ్మేటప్పుడు అది కచేరీ టికెట్టు, తిరిగి ఇవ్వవలసి వచ్చినప్పుడు రేసు టికెట్టు. నా అభ్యంతరమంతా ఈ ఒక్క చోటనే ఉంది.

కచేరీ ఒక్కటే అమ్మిన చోట ఈ తప్పించుకునే దారి ఉండదు. 2023 సెప్టెంబరు 10న చెన్నై శివార్లలో ఏ.ఆర్. రెహమాన్ కచేరీకి టికెట్లు కొన్నవారు ఎంతోమంది రద్దీ వల్ల లోపలికి వెళ్లలేకపోయినప్పుడు, అలాంటివారు తమ టికెట్టు ప్రతి పంపాలని రెహమానే సామాజిక మాధ్యమంలో కోరారు. డబ్బు తిరిగి ఇచ్చే ఏర్పాటు జరిగింది. కచేరీ వినలేకపోయినా మరొకటేదో చూశారు కదా అని అక్కడ ఎవరూ అనలేకపోయారు. రేసుతో ముడిపెట్టిన కచేరీకి మాత్రం రేసు ఒక గొడుగులా అడ్డుపడుతుంది.

ఆ రేసు జరిగిందనడానికి కూడా ఎంత తక్కువ సరిపోతుందో చూడండి. 2021 ఆగస్టు 29న బెల్జియంలోని స్పాలో ఫార్ములా వన్ పోటీ నాడు కుండపోత వానలో ప్రేక్షకులు గంటల తరబడి తడిసిన తర్వాత, కార్లను వేగం అదుపులో ఉంచే సేఫ్టీ కారు వెనుక కాసేపు నడిపించి, పోటీ ముగిసిందని ప్రకటించి సగం పాయింట్లు పంచారు. ఫలితం అధికారికంగా నమోదైంది గనుక, కాగితం మీద రేసు జరిగినట్టే లెక్క. 2023 నవంబరులో లాస్ వెగాస్‌లో ఫార్ములా వన్ తొలి ప్రాక్టీసు మొదలైన కొద్ది నిమిషాలకే రోడ్డు మీది ఒక మూత లేచి ఫెరారీ కారును దెబ్బతీయడంతో దాన్ని ఆపేశారు. రెండో ప్రాక్టీసు తెల్లవారుజామున 2.30కు మొదలయ్యేలోపే ప్రేక్షకులను బయటికి పంపించారు. ఆ ఒక్క రోజుకు టికెట్టు కొన్నవారికి సొమ్ము వాపసు చేయకుండా, తమ దుకాణంలో వస్తువులు కొనుక్కోవడానికి 200 డాలర్ల కూపన్ ఇస్తామన్నారు. చూడటానికి వచ్చినవాడికి టోపీ కొనుక్కోమన్నట్టుంది.

మన దేశానికి ఈ జంట వేడుకలోని చిక్కు మొదటి ఏడాదే ఎదురైంది. గ్రేటర్ నోయిడాలో తొలి ఫార్ములా వన్ పోటీ 2011 అక్టోబరు 30న జరిగితే, దానికి తోడుగా 28న గుర్‌గావ్‌లో మెటాలికా అనే అమెరికా రాక్ బృందం కచేరీ పెట్టారు. వేదిక ముందు బారికేడ్లు కూలడంతో భద్రత చాలదని కార్యక్రమం ఆగింది. ఆగ్రహించిన జనం వేదికను ధ్వంసం చేశారు, నిర్వాహకుల తరఫువారిని పోలీసులు అరెస్టు చేశారు. రెండు రోజుల తర్వాత అదే బృందం బెంగళూరులో నిరాటంకంగా పాడింది. లోపం పాడేవారిలోనో వినేవారిలోనో లేదని, ఎంతమందిని ఏ దారిలో లోపలికి పంపాలన్న లెక్కలో ఉందని అప్పుడే తెలిసింది.

రేసుకు కచేరీ జోడించడమే తప్పని నేను అనడం లేదు. రేసు రెండు గంటల్లో ముగుస్తుంది. అంత ఖర్చుతో వేసిన స్టాండ్లు, దీపాలు, వంతెనలు మూడు రోజులూ జనంతో నిండి ఉండాలంటే పాట కావాలి. సింగపూర్‌లో 2008లో రాత్రిపూట తొలి ఫార్ములా వన్ పోటీ జరిగినప్పటి నుంచీ అక్కడ సంగీతం ఆ వేడుకలో భాగమే. అయితే అక్కడ ట్రాకు పరిసరాలను జోన్లుగా విడదీసి, పడాంగ్ మైదానంలోని పెద్ద వేదికకు ఏ జోను టికెట్టుతో వెళ్లవచ్చో, ఏ టికెట్టుతో వెళ్లకూడదో కొనకముందే చూపిస్తారు. అబుదాబిలో 2009 నుంచి యాస్ ద్వీపంలో జరిగే పోటీలకు రేసు టికెట్టుతోనే ఆనాటి రాత్రి కచేరీకి ప్రవేశం ఉంటుంది. వేదికకు ఆనుకుని నిలబడదలచినవారు అదనంగా వేరే టికెట్టు కొంటారు. ధరలు మనబోటివారికి అందేవి కావు గాని, దేనికి ఎంత కడుతున్నదీ కొనేవాడికి తెలుస్తుంది.

సంగీతానికి టికెట్టు కొని వినడం మా ఊరికి కొత్త కాదు. 1919లో మొదలై ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా నడిపిన సంగీత కళాశాల విజయనగరానిదే. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ ఫిడేలు నేర్పారు, ఘంటసాల గారు అక్కడ చదువుకున్నారు. టికెట్టు పెట్టిన సభలో ఏ వరుసలో కూర్చోవాలో టికెట్టు మీదే ఉంటుంది. జనసమ్మర్దమూ మాకు కొత్త కాదు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా లక్షల మంది నిలబడతారు. అక్కడ దారి పక్కన నిలబడేవాళ్లు టికెట్టు కొనరు కాబట్టి, పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను సరిగా కనబడలేదన్న బాధ ఉంటుందే గాని మోసపోయామన్న బాధ ఉండదు.

దూరం నుంచి వెళ్లే మాలాంటివారికి నష్టం టికెట్టుతో ఆగదన్న సంగతి కూడా చెప్పాలి. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వైపు వారికి రేసులు జరిగే నగరాలన్నీ ఒక రాత్రి ప్రయాణం, అంతకు మించిన దూరం కూడా. కార్యక్రమాలు మార్పులకు లోబడి ఉంటాయని ప్రతి టికెట్టు మీదా రాస్తారు. శనివారం పాటను ఆదివారం రాత్రికి జరిపితే ఆ నగరంలో ఉండేవారికి ఒక సాయంత్రం మారుతుంది, అంతే. మాకైతే ఆదివారం సాయంత్రపు రైలు, సోమవారం ఉద్యోగం, లాడ్జి గది అద్దె అన్నీ మారతాయి. మనం రోజూ తిట్టుకునే రైల్వేయే ఇందులో నయం: రైలు మూడు గంటలకు మించి ఆలస్యమైతే, ప్రయాణం మానుకుని నిబంధనల ప్రకారం అర్జీ పెట్టుకున్నవారికి పూర్తి సొమ్ము తిరిగి ఇస్తుంది. కచేరీని ఒక రోజు వెనక్కి జరిపితే ఏమిస్తారో ఆ టికెట్టు మీద ఎక్కడా లేదు.

పోటీ మొత్తం రద్దయితే ఎవరికీ సందేహం ఉండదు. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న ‘ఫార్ములా ఈ’ అనే విద్యుత్ కార్ల పోటీ జరిగింది. 2024 ఫిబ్రవరి 10న జరగవలసిన రెండోది నెల రోజుల ముందే రద్దయింది. రద్దయిందంటే రద్దయిందే. చిక్కంతా సగం జరిగి సగం జరగనప్పుడు వస్తుంది. అందుకే నేను కోరేది చిన్నది: కలిపి అమ్మే టికెట్టు మీద రేసు ధర ఎంత, కచేరీ ధర ఎంత అన్నది విడివిడిగా ముద్రించాలి. కచేరీ వాటా 800 రూపాయలని రాసి ఉంటే, కచేరీ అందనప్పుడు ఆ 800 తిరిగి ఇవ్వడానికి వాదన అక్కరలేదు. కచేరీ ఉచితమని నిర్వాహకులు అనదలిస్తే సున్నా అని రాయవచ్చు. అప్పుడు గాయకుడి బొమ్మ అంత పెద్దదిగా వేయగలరేమో చూద్దాం. దానితోపాటు, వేదిక ముందు ఎంతమందికి చోటుందన్న సంఖ్యకూ అమ్మిన టికెట్ల సంఖ్యకూ పొంతన ఉందో లేదో అనుమతి ఇచ్చే పోలీసు అధికారులు ముందే సరిచూడాలి. ఈ రెండూ అనుమతి షరతుల్లో చేర్చడానికి ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు.

టిక్కు పెట్టి ఉంచిన విరాళాల వంటివాటికి నిబంధనలు ఇప్పటికే ఉన్నాయి. చివరి మెట్టులో ధర పెంచడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం సహా 13 రకాల మాయపద్ధతులను నిషేధిస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ఇచ్చింది. ఫిర్యాదు చేయదలచినవారు 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అంతకన్నా ముఖ్యమైన సౌకర్యం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది: రేసు ఏ నగరంలో జరిగినా, అమ్మిన సంస్థ కార్యాలయం ఎక్కడున్నా, కొన్నవారు తాము నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము కూడా లేదు. ఈ సంగతి మన జిల్లాల్లో చాలామందికి తెలియక, అంత దూరం తిరగలేమని ఊరుకుంటున్నారు.

నేను ఈ నెల మొదటి వారంలో విజయనగరం జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేశాను. మేము కట్టిన 8,300 చిల్లరలో కచేరీ వాటా ఎంతో నిర్వాహకులు లిఖితపూర్వకంగా చెప్పాలన్నది అందులో నా మొదటి కోరిక.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కంటోన్మెంట్, విజయనగరం