ఏటా చేసే మెడికల్ చెకప్‌లో పళ్ళు కూడా చూడాలి

సంపాదకులకు నమస్కారం.

మావారు గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటర్. వయసు 49. పాతికేళ్ళుగా ఏ, బీ, సీ షిఫ్టులు మారుతూ పని చేస్తున్నారు. ఏటా వాళ్ళకి మెడికల్ చెకప్ ఉంటుంది. కళ్ళు, చెవులు, బీపీ, షుగర్, ఛాతీ ఎక్స్‌రే అన్నీ చూస్తారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నోరు తెరవమని ఎవరూ అడగలేదట. ఈ ఉత్తరం దాని గురించే.

ఆయన నిద్రలో పళ్ళు కొరుకుతారు. పెళ్ళయిన కొత్తలో ఎప్పుడో ఒకసారి వినిపించేది. ఈ నాలుగేళ్ళలో బాగా ఎక్కువైంది. గచ్చు మీద ఇనప కుర్చీ ఈడ్చినట్టు ఉంటుంది చప్పుడు. పక్క గదిలో పడుకున్న మా అత్తగారికి కూడా మెలకువ వచ్చేస్తుంది. ‘కడుపులో నులిపురుగులు ఉంటాయమ్మా, మాత్ర వెయ్యి’ అనేవారు ఆవిడ. వేశాం. చప్పుడు ఆగలేదు. పొద్దున్న లేస్తూనే రెండు కణతలూ పట్టుకుని కూర్చునేవారు. దవడ పట్టేసి ఇడ్లీ నమలడానికి కూడా కష్టపడేవారు. సైనస్ అనుకున్నాం, కళ్ళజోడు మార్చాం, తలనొప్పి మాత్రలు డబ్బాలకి డబ్బాలు అయిపోయాయి. కొరికే మనిషికి తను కొరుకుతున్న సంగతి తెలియదు కదా. విన్నదాన్ని నేను. ఆ తలనొప్పికీ ఈ చప్పుడుకీ సంబంధం ఉందని నాకూ తట్టలేదు.

2023 సంక్రాంతికి జంతిక కొరికితే కింది దవడ పన్ను నిలువునా పగిలింది. ఒక క్లినిక్‌లో రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. ఎనిమిది నెలలకే క్యాప్ మీద పింగాణీ పెచ్చులూడింది. మళ్ళీ వేశారు, మళ్ళీ ఊడింది. మూడుసార్లు డబ్బు కట్టాం. రాత్రి పళ్ళు కొరుకుతారా అని అక్కడ ఎవరూ అడగలేదు.

తర్వాత మా చెల్లెలు చెప్పిన ఇంకో డెంటిస్టు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఆయన నోట్లోకి చూసి, నా వైపు తిరిగి ‘రాత్రి చప్పుడు వస్తుందా అమ్మా?’ అని అడిగారు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. గురక పెడతారా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందా అని కూడా అడిగారు. అలా అవుతుంటే ముందు నిద్ర పరీక్ష చేయించాలట, ఆ ఊపిరి ఆగే జబ్బుకి, పళ్ళు అరగకుండా రాత్రి పళ్ళకి తొడిగే గార్డు వైద్యం కాదట. టెన్షన్, నిద్ర చాలకపోవడం, రాత్రి పొద్దుపోయాక టీ కాఫీలు, సిగరెట్, మందు, డిప్రెషన్‌కి వాడే కొన్ని మాత్రలు కూడా పళ్ళు కొరకడాన్ని పెంచుతాయట. అలాగని ఆ మాత్రలు సొంతంగా మానేయకూడదని, రాసిన డాక్టరుకే చెప్పాలని గట్టిగా చెప్పారు.

గులాబీ రంగు ముద్దతో పళ్ళ అచ్చు తీసి, ప్లాస్టర్‌తో నమూనా పోయించారు. దాన్ని నా చేతిలో పెట్టారు. కోరపళ్ళకి మొన లేదు, నాలుగూ అరగదీసినట్టు చదునుగా ఉన్నాయి. ఒంట్లో అన్నిటికన్నా గట్టిది పంటి మీది ఎనామిల్, అది ఒకసారి అరిగితే మళ్ళీ పెరగదు. ఆ ముక్క ఇరవై ఏళ్ళ క్రితం ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఆ నమూనా మీదే పై పళ్ళకి గట్టి యాక్రిలిక్ నైట్ గార్డు చేశారు. 4,000 రూపాయలు అయింది. అంతకుముందు ఆన్‌లైన్‌లో 400 పెట్టి, వేడినీళ్ళలో ముంచి కరిచే మెత్తని రకం తెప్పించాం. రెండు నెలల్లో చిల్లులు పడింది. కొత్తది మొదటి వారం ఇబ్బంది పెట్టింది, నోరూరేది, నిద్రలో తీసేస్తే తలగడ కింద దొరికేది. తర్వాత అలవాటైంది. ఒకసారి గిన్నెల్లాగే దీన్నీ వేడినీళ్ళతో కడిగాను. వంకర పోయి పళ్ళకి పట్టలేదు, మళ్ళీ చేయించాల్సి వచ్చింది. చల్లని నీళ్ళతో మెత్తని బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, గాలాడే డబ్బాలో పెట్టాలి.

గార్డు పెట్టుకున్నా కొరకడం ఆగలేదు. కానీ ఇప్పుడు ఆ గార్డుని కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూస్తే, వెనక వైపు రెండు చోట్ల గోటితో తడిమితే తెలిసేంత గుంటలు, మధ్యలో సన్నటి గీతలు కనిపిస్తాయి. ఎనిమిది నెలల్లో పడ్డవి. అవన్నీ ఆయన పళ్ళ మీద పడాల్సినవి. నాలుగోసారి వేసిన క్యాప్ ఇప్పటిదాకా చెక్కుచెదరలేదు. పొద్దుటి తలనొప్పి బాగా తగ్గింది.

ఫిబ్రవరి 10న బడుల్లో పిల్లలకి వేసే నులిపురుగుల మాత్ర మంచిదే, తప్పక వేయించాలి. చిన్నపిల్లల్లో పళ్ళు కొరకడం చాలావరకు ఎదిగేకొద్దీ తగ్గిపోతుందని కూడా డాక్టరుగారు చెప్పారు. కానీ పెద్దవాళ్ళు కొరుకుతుంటే పురుగుల మాత్ర వేసి ఊరుకోకండి.

ఫ్యాక్టరీల యాజమాన్యాలకీ, పోర్టులో, షిప్‌యార్డులో పని చేసే కార్మికుల సంఘాలకీ నా మనవి ఒకటే. షిఫ్టుల్లో నిద్ర పాడైన మనుషులు మీ దగ్గర వేలల్లో ఉన్నారు. ఏటా చేసే చెకప్‌లో రెండు నిమిషాలు పళ్ళు చూడండి. ఫారంలో ‘నిద్రలో పళ్ళు కొరుకుతారా?’ అని ఒక ప్రశ్న చేర్చండి. జవాబు ఇంట్లోవాళ్ళని అడిగి రాయమనండి. గార్డు అవసరమని డెంటిస్టు రాసిస్తే, కళ్ళజోడుకి ఇచ్చినట్టే దానికీ డబ్బు ఇప్పించండి.

— ఒక కార్మికుడి భార్య, కూర్మన్నపాలెం, విశాఖపట్నం