మహాచాయ్ రేవులో దారి చూపిన అక్కకు కృతజ్ఞతలు

అక్కా, మీ పేరు తెలియదు. ఇది మీ దాకా చేరుతుందన్న ఆశా లేదు. అయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

బ్యాంకాక్ నుంచి పట్టాలను ఆనుకునే సాగే మేక్లాంగ్ రైలు బజారుకు చాలామంది వ్యాన్‌లో వెళ్లివస్తారు. మేం బ్యాంకాక్‌లోని వోంగ్వియన్ యాయ్ స్టేషన్‌లో పాసింజర్ ఎక్కాం. గంట ప్రయాణం, మహాచాయ్‌లో పట్టాలు ఆగిపోతాయి. తా చిన్ నదిని పడవలో దాటి, అవతలి బాన్ లేమ్ స్టేషన్‌లో ఇంకో రైలు పట్టుకోవాలి. రోజుకు నడిచేవి కొన్నే, తప్పిందంటే గంటల తరబడి పడిగాపులే. దిగీ దిగగానే చేపల అంగళ్ల మధ్య పడ్డాం. రేవు ఎటో అర్థం కాలేదు. మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, నాకు టెన్షన్.

ఫోన్‌లో స్టేషన్ పేరు చూపించగానే మీరు కూరల సంచి భుజానికి తగిలించుకుని ముందు నడిచారు. పడవలో అత్తయ్యగారి చెయ్యి వదల్లేదు. అవతలి ఒడ్డున సందుల్లోంచి స్టేషన్ దాకా వచ్చి, టికెట్ ఇప్పించి, ఎండ పడని వైపు కూర్చోబెట్టి మరీ వెళ్లారు. ఎండ సంగతి నాకైతే తట్టేది కాదు!

మీ వల్లే దారి పొడవునా ఉప్పుమడులు తీరిగ్గా చూశాం. మేక్లాంగ్‌లో రైలు రాగానే దుకాణాల వాళ్లు పందిళ్లు చకచకా మడిచేయడం, పట్టాల పక్కన కూరగాయలు అలాగే ఉండగా రైలు పెట్టెలు వాటి మీదుగా సాగిపోవడం కిటికీలోంచే చూశాం. అత్తయ్యగారు మాత్రం ఫోన్‌లో అందరికీ ముందు మీ గురించే చెప్తున్నారు.

మా ఇద్దరి నమస్కారాలు.