నాలుగో అధ్యాయం ఫుట్‌నోట్

చిన్నీ,

ఫోన్ ఎత్తవు, మెసేజ్ పెడితే రెండు నీలం టిక్కులు మాత్రం పడతాయి. అందుకే ఉత్తరం. కంగారేం లేదు, ఊరికే రాస్తున్నా. నువ్వు ల్యాబ్‌కి వెళ్లడం మానేశావని శారద పిన్ని ఏదో అంది. ఆవిడ సంగతి నీకు తెలిసిందేగా, నేను పట్టించుకోలేదు.

నువ్వు ఇక్కడ వదిలేసి వెళ్లిన థీసిస్ డ్రాఫ్ట్ చదివాను. మొదటి పేజీ నుంచే సమీకరణాలేంటే? ముందు విషయం చెప్పు. పరమాణు కేంద్రకం కాస్త వేడెక్కితే ఒక న్యూట్రానో, ఒక ఆల్ఫా కణమో వదులుకుంటూ నీటిబొట్టు ఆవిరైనట్టు మెల్లగా చల్లారుతుంది. బరువైనదైతే రెండుగా చీలుతుంది. అదే ఒక్కో న్యూక్లియాన్‌కి, అంటే లోపలి ఒక్కో ప్రోటాన్‌కో న్యూట్రాన్‌కో, 3 ఎంఇవి (30 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు) దాటేలా ఒక్కసారిగా శక్తి పోస్తే, మెల్లగా వదులుకునే టైమే ఉండదు. ఉబ్బి, పలచబడి, ఒకేసారి బోలెడు ముక్కలవుతుంది. జర్మనీలో డార్మ్‌స్టాట్ ల్యాబ్ వాళ్లు బంగారు కేంద్రకాలను బంగారం మీదికే కొట్టి 1995లో వేసిన గ్రాఫ్ ఉంది చూడు, న్యూక్లియాన్‌కి శక్తి 3 నుంచి 10 ఎంఇవి దాకా పెరుగుతున్నా ఉష్ణోగ్రత 5 ఎంఇవి దరిదాపుల్లోనే ఆగిపోయింది (డిగ్రీల్లో 5 వేల కోట్ల పైమాటే), మరిగే నీళ్లలో థర్మామీటర్ 100 దగ్గర కదలనట్టు. తర్వాత దాని మీద వాదనలు నడిచాయనుకో. అయినా అంత మంచి సంగతిని నాలుగో అధ్యాయం ఫుట్‌నోట్‌లో దాస్తావా?

ల్యాబ్‌కి వెళ్తున్నావా అసలు?

నేను ఎమల్షన్ ప్లేట్లు, అదే కణాల దారులు గీతలుగా పడే ఫోటో ప్లేట్లు, స్కాన్ చేసిన కథ నీకు వెయ్యిసార్లు చెప్పాను, ఇది వెయ్యిన్నొకటోసారి. మైక్రోస్కోపు కింద ఒక నక్షత్రం దొరికింది, వెండిదో బ్రోమిన్‌దో ఒక కేంద్రకం బద్దలైన చోటు. నల్లగా, లావుగా, పొట్టిగా గీతలు. ఎనిమిదని రాసుకున్నా. మా గైడు చూసి తొమ్మిదన్నారు, అందరి ముందూ కళ్లు లేవా అన్నారు. జ్వరమని ఇంట్లో అబద్ధం చెప్పి వారం రోజులు వెళ్లలేదు. తాతయ్య ఏమీ అడగలేదు. ఎనిమిదో రోజు పొద్దున్నే సైకిల్ బయటికి తీసి, నేను వచ్చేదాకా బెల్లు కొడుతూ నిలబడ్డాడు, పక్కింటివాళ్లు తిట్టుకుంటున్నా ఆపలేదు. వెళ్లి అదే ప్లేటు పెట్టి ఫోకస్ మరను మెల్లగా తిప్పుతుంటే, మధ్యలో నేను మరక అనుకున్న చుక్క కిందకి దిగుతూనే ఉంది. తొమ్మిదో గీత నిలువుగా పోయింది, పైనుంచి చూస్తే చుక్కే.

నీతులు చెప్పను. కానీ ఒక్కమాట, రాత్రి మూడింటిదాకా ఆ సిమ్యులేషన్ల ముందు కూర్చోకు, ఏదైనా ఉంటే లోపలే పెట్టుకోకుండా కొంచెం కొంచెంగానైనా ఎవరితోనో ఒకరితో అను, నాతో కాకపోతే బుజ్జితో అను, పైగా నీ వయసులో మేము... సరే, లెక్చర్ మొదలైంది, ఆపేశా. కళ్లజోడు మార్చమని పోయినేడాదే చెప్పా, మార్చావా?

మానేయాలనుంటే మానేయ్, నాన్నకి నేను చెప్తా. ఆ ఫుట్‌నోట్ మాత్రం పైకి తెచ్చాక మానేయ్. మాట్లాడాలని లేకపోతే ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వు చాలు, నేను తిరిగి చెయ్యను.

అమ్మ