మా 03ను మాకు తిరిగి ఇప్పించండి

గౌరవనీయులైన రాష్ట్ర రవాణా శాఖ మంత్రి గారికి,

తిరుపతి, చిత్తూరులలో నంబరు ప్లేట్లు బిగించే పనివాళ్లం, పాత బండ్లను పదిలంగా చూసుకునేవాళ్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకే కోడ్ పెట్టారు. అప్పటి నుంచి కొత్త బండి ఏ జిల్లాదో ప్లేటు చూసి చెప్పే వీల్లేకుండా పోయింది. చిత్తూరు జిల్లాకు ఉండిన 03 లాంటి జిల్లా కోడ్‌ను మళ్లీ ప్లేటు మీదికి తేవాలని మా మనవి.

అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర వరసలో ఆగిన కార్లలో పిల్లలకు ముందు బండి ప్లేటే కాలక్షేపం. టీఎన్ 23 అంటే వేలూరు, కేఏ 07 అంటే కోలారు, కేఏ 08 అంటే కేజీఎఫ్ అని టకటకా చెప్పేస్తారు. మన రాష్ట్రపు కొత్త బండి దగ్గరికొచ్చేసరికి నోరు కట్టేసినట్టవుతుంది. శ్రీకాకుళం నుంచి వచ్చినా, శ్రీకాళహస్తి నుంచి వచ్చినా కోడ్ ఒక్కటే. ఒంగోలు దాటాక రోడ్డు పక్కన ఆగిపోయిన లారీ మీద 03 కనిపిస్తే, మనోళ్లేనని బండి నిలిపి ఏమైందని అడిగే డ్రైవర్లున్నారు. ఆ పలకరింపుకు ఆధారం ఆ రెండంకెలే.

1989 జూలై 1న కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి వచ్చాక ఈ తరహా కోడ్లు వచ్చాయి. మన రాష్ట్రంలో మొదటి అంకెలు ఇంగ్లిష్ అక్షర క్రమంలో నడిచాయి: ఆదిలాబాద్ 01, అనంతపురం 02, చిత్తూరు 03. అప్పట్లో కడప పేరు ఇంగ్లిష్‌లో ‘సి’తో మొదలయ్యేది కనుక 04 అయి మన పక్కన చేరింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, నాయుడుపేట నెల్లూరు నుంచి వచ్చి కలిశాయి. అందుకే అటువైపు పాత బండ్ల మీద ఇవాళ్టికీ నెల్లూరు కోడ్ 26 కనిపిస్తుంది. ప్లేటు చూస్తే జిల్లాల చరిత్ర తెలుస్తుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

ప్లేటు పుట్టిందే బండి ఎవరిదో, ఎక్కడిదో తెలియడానికి. 1893లో పారిస్ పోలీసులు పెట్టిన నిబంధన నాటి నుంచీ పని అదే. ఫ్రాన్స్ 2009లో మనలాగే దేశమంతటికీ ఒకే వరస నంబర్లు తెచ్చింది. కానీ ప్లేటు కుడి అంచున జిల్లా సంఖ్య ఉండి తీరాలంది, ఏ జిల్లా అన్నది యజమాని ఇష్టానికి వదిలింది. జర్మనీలో జిల్లాలు కలిపేసినప్పుడు రద్దయిన పాత కోడ్లను 2012 నుంచి మళ్లీ ఇవ్వనిచ్చారు. అక్కడ సాధ్యమైంది ఇక్కడెందుకు కాదు?

లెక్క కూడా మా మనవి వైపే ఉంది. కోడ్ తర్వాత వచ్చే రెండు ఇంగ్లిష్ అక్షరాల్లో, 1, 0లా కనబడతాయని ఐ, ఓ వాడరు. టీ నుంచి వై వరకు రవాణా బండ్లకు, జెడ్ ఆర్టీసీకి, పీ పోలీసులకు పోతాయి. సొంత బండ్లకు మొదటి అక్షరాలు 16, రెండో అక్షరాలు 24 మిగులుతాయి. అంటే 384 సిరీస్‌లు, ఒక్కోదానిలో 1 నుంచి 9999 దాకా, మొత్తం దాదాపు 38 లక్షల నంబర్లు. రాష్ట్రమంతటికీ అది ఎన్నాళ్లో సరిపోదు. ఒక్కో కోడ్ నిండినప్పుడల్లా ఇంకోటి తీయాల్సిందే కదా, ఆ తీసేదేదో జిల్లావారీగా తీయమంటున్నాం.

అమలులో కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఇప్పటికే 39 వచ్చిన బండ్ల జోలికి పోవద్దు. నంబరు మారిస్తే ఆర్సీ, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్, ఫైనాన్స్ కాగితాలు అన్నీ మార్చుకోవాలి, జనం గగ్గోలు పెడతారు. 03ను 2019లో ఆగిన సిరీస్ తర్వాతి అక్షరం నుంచే మొదలుపెట్టాలి, లేకుంటే ఒకే నంబరు రెండు బండ్లకు పడుతుంది. కొత్త జిల్లాలకు ఏపీ 01, 15, 36 లాంటివి ఇవ్వొద్దు. 2014కు ముందు రిజిస్టరైన తెలంగాణ బండ్లు ఇంకా ఆ నంబర్లతోనే తిరుగుతున్నాయి. ప్లేటు తయారీలో మార్చేదేమీ లేదు. బైకుకు 200 × 100 మిల్లీమీటర్లు, కారుకు 500 × 120 లేదా 340 × 200, అదే అల్యూమినియం రేకు, అవే అచ్చులు. ఏపీ 39 ఉన్నా, ఏపీ 03 ఉన్నా అక్షరాలూ అంకెలూ కలిపి పదే.

బిగింపు గురించి కూడా ఒక ఆదేశం ఇవ్వండి. బైకు వెనక ప్లేటును వెనక ఆసరా లేకుండా మడ్‌గార్డుకు బిగిస్తే, రేకు ఒక మిల్లీమీటరే కాబట్టి గతుకుల రోడ్లకు అదిరి అదిరి రంధ్రాల దగ్గర చీలుతుంది. ఊడకుండా ఉండాలని అంకెల మధ్య కొత్తగా బెజ్జం వేస్తారు. బోల్టు తల 3కు ఎడమ పక్కన పడిందంటే కెమెరా దాన్ని 8గా చదువుతుంది, చలానా ఎవరికో పోతుంది. ఒకసారి బిగిస్తే మళ్లీ ఊడదీయలేని స్నాప్ లాక్‌తో పాటు వెనక ఫ్రేమ్ కూడా డీలర్లే ఇవ్వాలని చెప్పండి. కాణిపాకంలో పూజ చేయించిన కొత్త బండ్లకు అంకెల మీదే పసుపు, గంధం పూస్తున్నారు. మెరుపు పొర మసకబారి రాత్రి పూట నంబరు కనిపించదు. బొట్టు బంపరుకు పెట్టుకోమని డెలివరీ రోజే చెబితే చాలు.

చివరిగా పాత ప్లేట్ల సంగతి. 2001లో రంగులు మార్చేదాకా సొంత బండికి నల్ల ప్లేటు మీద తెల్ల అక్షరాలుండేవి. కుంచెతో ఎనామిల్ పెయింట్ వేసి రాసిన ఆ 03లో పై వంపు సన్నగా, కింది వంపు బరువుగా ఉంటుంది, ఒక్కో పెయింటరు చేతిరాత ఒక్కోలా తెలిసిపోతుంది. హై సెక్యూరిటీ ప్లేటు బిగించేటప్పుడు పాతదాన్ని తీసుకుని నాశనం చేస్తున్నారు. దుర్వినియోగం కాకూడదనే అలా చేస్తున్నారని మాకు తెలుసు. యజమాని ఒప్పుకుంటే ప్లేటు మధ్యలో పెద్ద బెజ్జం కొట్టి, రద్దయిందని ముద్ర వేసి, తిరుపతి, చిత్తూరు రవాణా కార్యాలయాల్లో జనం వేచి ఉండే హాలు గోడకు బిగించనివ్వండి. బిగించే కూలి, ఫ్రేముల ఖర్చు మేం భరిస్తాం.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నంబరు ప్లేట్ల పనివారు, పాత వాహనాల అభిమానులు